నాగేశ్వరరావు పంతులుగారి వ్యాపారదక్షత

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867వ సంవత్సరమున కృష్ణామండలమున జన్మించిరి. కలకత్తాలో ఔషధములు చేయు విధమును నేర్చి, 1893లో బొంబాయియందు అమృతాంజనమను తలనొప్పి మందును సిద్ధపఱచిరి. పేరు తెలియని మందును డబ్బిచ్చి కొనువారు అరుదు. పంతులుగారు అధైర్యపడక వెంటనే మార్గము మార్చి, సంగీతసభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచిపెట్టిరి. వాడి గుణమెఱిగినవారు పిదప అంగళ్లలో అడిగి కొనజొచ్చిరి. వ్యాపారము వర్ధిల్లెను.

ఆ లాభములను పంతులుగారు దాచుకొనలేదు. 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. తెలుగు పాఠకులకు చేరువగా నుండవలెనని, 1914లో మదరాసునుండి దానిని దినపత్రికగా నడపిరి. గ్రంథాలయోద్యమమునకు తోడ్పడిరి. ప్రజలచే దేశోద్ధారకులని కొనియాడబడిన పంతులుగారు 1938లో దివంగతులైరి. జనుల అవసరమెఱిగి తన పద్ధతిని మార్చుకొను వర్తకునకు చిన్న సరకే పెద్ద పెట్టుబడి యగును.