కాకినాడ చేరిన హాల్డేన్ మాస్టారు

మన ఐ.పోలవరం నుంచి ఎదుర్లంక వంతెన దాటి, యానాం మీదుగా కాకినాడ వెళ్తే అక్కడ రంగరాయ వైద్య కళాశాల ఉంది. ఇంగ్లండులో పుట్టిన ఒక గొప్ప సైంటిస్టు, తాను చనిపోయాక తన శరీరాన్ని ఆ కాలేజీ విద్యార్థుల చదువుకి ఇమ్మని రాసిపెట్టారు. ఆయనే జె.బి.ఎస్. హాల్డేన్.

1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డులో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ గారు బొగ్గు గనుల్లో విషవాయువుల మీద పరిశోధన చేసేవారు. ఒకసారి కొడుకుని గనిలోకి తీసుకెళ్ళి, నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలో మాటలు అప్పజెప్పమన్నారట. కాసేపటికే కుర్రాడికి ఆయాసం వచ్చి కింద పడిపోయాడు. పడ్డాక మాత్రం ఊపిరి బాగానే ఆడింది! మీథేన్ గాలికన్నా తేలిక, పైకప్పు దగ్గరే చేరుతుంది. ఇంక ఆ పాఠం మర్చిపోతాడా?

పెద్దయ్యాక ఆయనా తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకున్నారు. 1939లో థెటిస్ అనే సబ్‌మెరైన్ మునిగి 99 మంది చనిపోతే, లోపల వాళ్ళకి ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఇనుప గదిలో తలుపు బిగించుకుని కూర్చున్నారు. తర్వాతి ప్రయోగాల్లో ఫిట్సు వచ్చి వెన్నెముక దెబ్బతింది. ఇంత చేసిన మనిషికి సైన్సు డిగ్రీ లేదంటే నమ్ముతారా? ఆక్స్‌ఫర్డులో ఆయన చదివింది లెక్కలు, గ్రీకు, లాటిన్.

1923లో కేంబ్రిడ్జిలో ఒక సంఘం వాళ్ళు పిలిస్తే వెళ్ళి ఉపన్యాసం ఇచ్చారు. బొగ్గు, నూనె ఎప్పటికైనా అయిపోతాయనీ, అప్పుడు గాలిమరలతో కరెంటు తీసి, దాంతో నీటి నుంచి హైడ్రోజన్ చేసుకోవాలనీ చెప్పారు. ఇప్పటికి వందేళ్ళ కిందటి మాట చూడండి! మరుసటి ఏడాది ఇంకో సంగతి లెక్క కట్టారు. మాంచెస్టర్ వైపు ఫ్యాక్టరీల పొగకి చెట్లు నల్లబడ్డాయి. తెల్ల రెక్కల చిమ్మట పురుగులు పక్షుల కంటపడి తగ్గిపోయి, నల్లవి పెరిగాయి. ఎంత వేగంగా మారాయో అంకెల్లో చూపించారు.

ఆయనలో లోపాలు లేకపోలేదు. కోపం ఎక్కువ. కమ్యూనిస్టు పార్టీలో ఉన్న రోజుల్లో, రష్యాలో లైసెంకో చెప్పే తప్పుడు సైన్సుని గట్టిగా ఖండించలేకపోయారు. అది ఆయనంతటి వారు చేయవలసిన పని కాదు.

1956లో బ్రిటన్ ఈజిప్టు మీద దాడి చేయడం నచ్చలేదు. 1957లో కలకత్తా వచ్చి స్టాటిస్టికల్ ఇనిస్టిట్యూట్‌లో చేరారు. కుర్తా వేసుకున్నారు, మాంసం మానేశారు, తర్వాత మన దేశ పౌరుడయ్యారు. ఖరీదైన పరికరాలు లేవని ఇక్కడి కుర్రాళ్ళు దిగులు పడితే ఒప్పుకునేవారు కాదు. కళ్ళున్నాయి, లెక్కపెట్టడం వచ్చు, చాలు కదా! ఒకరు పారిజాతం పూల రేకులు లెక్కపెట్టారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు గారు సీతాకోక చిలుకలు ఏ రంగు పూల మీద వాలుతున్నాయో చూశారు. డేవిస్ గారు కొబ్బరి చెట్లు పట్టుకున్నారు. కొన్నిటికి మట్టలు ఎడమ చుట్టుగా, కొన్నిటికి కుడి చుట్టుగా వస్తాయి. ఎడమ చుట్టు చెట్లు కాస్త ఎక్కువ కాయలు కాస్తున్నాయని తేలింది. అలాగని ఎడమ చెట్టు కాయ నాటితే ఎడమ చెట్టే రాదు. మన కోనసీమలో ఇన్ని తోటలున్నాయి, ఎంతమందిమి తలెత్తి చూశాం?

1962లో భువనేశ్వర్ వెళ్ళి ప్రయోగశాల పెట్టారు. తర్వాత క్యాన్సర్ బయటపడింది. లండన్‌లో ఆపరేషన్ అయ్యాక, ఆ జబ్బు మీదే నవ్వు పుట్టించే పద్యం రాసి అచ్చు వేయించారు. అనుమానం వస్తే సిగ్గుపడకుండా తొందరగా డాక్టరు దగ్గరికి వెళ్ళాలని జనానికి తెలియడానికే.

1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. రాసిపెట్టిన ప్రకారం శరీరాన్ని కాకినాడ పంపారు. రంగరాయ కాలేజీ పెట్టి అప్పటికి ఆరేళ్ళే.