జరగని పోటీ - హ్యారీ విల్స్ జీవిత కథ

వార్షికోత్సవం దగ్గర పడిందంటే హాస్టల్లో మొదట గుర్తొచ్చేవి ఆటల పోటీలే. సముద్రపు గాలి తగిలే ఇసుకలో కబడ్డీ ఆడి పెరిగిన మనకు గెలుపోటముల సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఓడిపోయిన రోజు రాత్రి అన్నం సయించదు. తెల్లారేసరికి ఆ సంగతే మరిచిపోతాం. కానీ ఆడగల సత్తా ఉండీ జట్టులో పేరు రాయకుండా పక్కన కూర్చోబెడితే, ఆ బాధ ఏళ్లు గడిచినా మానదు. అలాంటి బాధను ప్రపంచం చూస్తుండగా భరించిన ఒక బాక్సర్ కథను తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

బాక్సింగ్ అనగానే మనకు మహమ్మద్ అలీ గుర్తొస్తాడు. 1980లో ఆయన మనకు దగ్గర్లోని మద్రాసుకు కూడా వచ్చి వెళ్లాడు. అలీ పుట్టక ముందే హ్యారీ విల్స్ అనే నల్లజాతి వీరుడు ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. ఒక కాలంలో అమెరికా పత్రికలన్నీ ఆయన గురించి రాశాయి. ఈనాడు ఆ పేరు తెలిసినవారు మనలో చాలా తక్కువ.

విల్స్ 1889 మే 15న అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో పుట్టాడు. అది మిసిసిపీ నది ఒడ్డున ఉన్న పెద్ద రేవు పట్నం. అక్కడ ఓడల్లో సరుకు ఎత్తే, దించే కూలీగా ఆయన పనిచేశాడు. కృష్ణపట్నం ప్రాంతం నుంచి వచ్చిన మనవాళ్లకు ఓడరేవు కూలి అంటే ఏమిటో తెలుసు. అమెరికాలో బానిసత్వం రద్దయింది 1865లో. అయినా విల్స్ పుట్టిన మరుసటి ఏడాదే, 1890లో, రైళ్లలో నల్లవారు వేరే పెట్టెల్లో కూర్చోవాలని ఆ రాష్ట్రం చట్టం చేసింది. వేరు గ్లాసుల గురించి మన తాతలు చెప్పగా విన్నవాళ్లం కాబట్టి ఆ వేరు పెట్టెల సంగతి మనకు వివరించనక్కర్లేదు.

ఆ రోజుల్లో బాక్సింగ్ ఎలా నడిచేదో కొంచెం తెలుసుకోవాలి. మన ఆటల పోటీల్లో లాగా లీగ్, సెమీ ఫైనల్, ఫైనల్ ఉండవు. చాంపియన్ ఎవరితో తలపడాలో చాంపియన్, అతని మేనేజరు, పోటీ ఏర్పాటు చేసే ప్రమోటరు కలిసి నిర్ణయించేవారు. చాంపియన్ ఒప్పుకోకపోతే ఎంత గొప్ప మల్లుడైనా బయట నిలబడాల్సిందే.

1908లో జాక్ జాన్సన్ మొట్టమొదటి నల్లజాతి హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. అతణ్ణి ఓడించడానికి, అప్పటికే రిటైరైన మాజీ చాంపియన్ జెఫ్రీస్‌ను మళ్లీ రింగులోకి దించారు. 1910 జూలై 4న రీనో పట్నంలో జాన్సన్ అతణ్ణీ ఓడించాడు. ఆ కోపంతో అమెరికాలో అనేక ఊళ్లలో నల్లవారి మీద దాడులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. 1915లో హవానాలో జెస్ విల్లార్డ్ చేతిలో జాన్సన్ ఓడిపోయాడు. ఆ తర్వాత 22 ఏళ్లపాటు ఒక్క నల్లజాతి బాక్సరుకు కూడా హెవీవెయిట్ టైటిల్ పోటీలో అవకాశం దక్కలేదు. విల్స్ మంచి వయసంతా ఆ 22 ఏళ్లలోనే గడిచిపోయింది.

తెల్లవారిలో పేరున్న బాక్సర్లు చాలామంది నల్లవారితో తలపడేవారు కాదు. అందువల్ల నల్లవారు తమలో తామే మళ్లీ మళ్లీ కొట్టుకోవలసి వచ్చేది. విల్స్, శామ్ లాంగ్‌ఫర్డ్ అనే ఇద్దరు మహా వీరులు 15 సార్లకు పైగా తలపడ్డారు. 1914 నవంబరులో లాంగ్‌ఫర్డ్ 14వ రౌండులో విల్స్‌ను పడగొట్టాడు. తర్వాత్తర్వాత విల్స్‌దే పైచేయి అయింది. నల్లవారికి విడిగా పెట్టిన హెవీవెయిట్ టైటిల్‌ను విల్స్ మూడుసార్లు గెలిచాడు. రైల్లో వేరే పెట్టె ఉన్నట్టే బాక్సింగులో వేరే టైటిల్ అన్నమాట.

1919లో జాక్ డెంప్సీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. గెలిచిన వెంటనే నల్లజాతి వారితో పోటీకి దిగనని ప్రకటించాడు. 1920లో విల్స్ ఫ్రెడ్ ఫుల్టన్ అనే పేరున్న తెల్లజాతి బాక్సరును మూడో రౌండులోనే పడగొట్టాడు. ఇక డెంప్సీకి అసలైన పోటీ విల్సేనని చాలామంది అనసాగారు. 1922లో ఇద్దరూ ఒప్పందం మీద సంతకాలు కూడా చేశారు. పోటీ మాత్రం జరగలేదు. 1924 సెప్టెంబరులో జెర్సీ సిటీలో జరుగుతుందన్నారు. టికెట్లు అచ్చు వేయించారని కూడా చెబుతారు. అదీ జరగలేదు. 1925లో ఇంకో ప్రమోటరు ముందుకొచ్చి మరో ఒప్పందం రాయించాడు. విల్స్‌కు 50,000 డాలర్లు అడ్వాన్సు ముట్టింది. డెంప్సీకి ఇచ్చిన చెక్కుకు మాత్రం బ్యాంకులో డబ్బు లేదని తేలింది. పోటీ మళ్లీ ఆగిపోయింది.

తప్పు ఎవరిది? డెంప్సీ పిరికివాడని కొందరన్నారు. ఆ కాలపు పెద్ద ప్రమోటరు టెక్స్ రికార్డ్‌దే తప్పని కొందరన్నారు. 1910లో రీనో పోటీ ఏర్పాటు చేసింది ఆ రికార్డే. ఆ తర్వాత జరిగిన అల్లర్లు అతనికి తెలుసు. నల్లవాడు గెలిస్తే మళ్లీ గొడవలవుతాయని రాజకీయ నాయకులు భయపడ్డారనీ అంటారు. ఒక్కొక్కరూ ఇంకొకరి వైపు వేలు చూపించారు. నష్టపోయింది మాత్రం ఒక్కడే.

చివరికి న్యూయార్క్ బాక్సింగ్ కమిషన్ డెంప్సీ ముందుగా విల్స్‌తోనే తలపడాలని పట్టుబట్టింది. అప్పుడు డెంప్సీ పోటీని ఫిలడెల్ఫియాకు మార్చారు. 1926 సెప్టెంబరు 23న అక్కడ సుమారు లక్షా ఇరవై వేలమంది చూస్తుండగా జీన్ టన్నీ అనే తెల్లజాతి బాక్సరు చేతిలో డెంప్సీ ఓడిపోయాడు. అప్పటికి విల్స్ వయసు 37. తర్వాతి నెలలోనే జాక్ షార్కీతో పోటీలో రిఫరీ విల్స్‌ను డిస్‌క్వాలిఫై చేశాడు. 1927లో ఉజ్కుడున్ అనే స్పెయిన్ బాక్సరు నాలుగో రౌండులో పడగొట్టాడు. 1932లో విల్స్ ఆట మానేశాడు.

డెంప్సీతో తలపడితే విల్స్ గెలిచేవాడా? ఎవరూ చెప్పలేరు. విల్స్ మూడు రౌండ్లలో పడగొట్టిన ఫుల్టన్‌ను డెంప్సీ అంతకు ముందే మొదటి రౌండులో క్షణాల్లో పడగొట్టాడు. డెంప్సీ రెండు రౌండ్లలో ముగించిన ఫిర్పోను విల్స్ 12 రౌండ్లలోనూ నాకౌట్ చేయలేకపోయాడు. ఓడిపోయేవాడేమో కూడా. కానీ ఓడిపోయే హక్కు సైతం ఆయనకు ఇవ్వలేదు. అన్యాయం అక్కడే ఉంది.

మన దేశంలోనూ ఇలాంటి కథ ఉంది. దళిత కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ 1911లో ఇంగ్లండు పర్యటనలో 100కు పైగా వికెట్లు తీశాడు. అయినా ఆయన ఆడిన హిందూ జట్టుకు కెప్టెన్ కానివ్వలేదు. 1923లో ఆయన తమ్ముడు విఠల్ ఆ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. బాక్సింగులో 1937లో జో లూయిస్ చాంపియన్ అయ్యాడు. అన్నలు తట్టిన తలుపు తమ్ముళ్లకు తెరుచుకుంది.

విల్స్ ఆ బాధతో కుంగిపోలేదు, తాగుడికి బానిస కాలేదు. సంపాదించిన డబ్బుతో న్యూయార్క్‌లోని హార్లెంలో ఇళ్లు కొని గౌరవంగా బతికాడు. ఒళ్లు అదుపులో ఉంచుకోవడానికి ఏటా దాదాపు నెలరోజులు ఉపవాసం ఉండేవాడు. 1958 డిసెంబరు 21న కన్నుమూశాడు. ఆ తర్వాత చాలా ఏళ్లకు అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! పిలుపు వచ్చినా రాకపోయినా విల్స్‌లాగా సాధన మానకండి. సెలక్షన్లయినా, సీటయినా, ఉద్యోగమైనా మీ పేరు జాబితాలో లేకపోతే మౌనంగా తిరిగి రాకండి. ఎందుకు లేదో మర్యాదగా, కాగితం మీద రాసి అడగండి. ఇక ఈ హాస్టల్ అన్నం తిని పైకొచ్చిన మాలాంటి పాతవిద్యార్థులకు ఒక్క మాట. పేర్లు ఎంపిక చేసే కుర్చీలో మనం కూర్చున్న రోజున, తలుపు బయట ఎవరైనా నిలబడి ఉన్నారేమో లేచి చూద్దాం. ఉంటే పేరు పెట్టి లోపలికి పిలుద్దాం.