గతాన్ని తవ్వి.. నేటిని నిలదీసి

కామాఠీపురా మేస్త్రీలు అండగా నిలిచిన చరిత్రకారుడు ఫూలే

నాగ్‌పాడా (ముంబై): నాగ్‌పాడా జంక్షన్ నుంచి నాలుగడుగులు వేస్తే కామాఠీపురా. నెంబర్లే పేర్లుగా ఉన్న గల్లీలు, ఒకదానికొకటి ఆనుకున్న పాత చాళ్లు. ఈ పేట పేరెత్తితే బయటివాళ్లకు ఒక్క సంగతే గుర్తొస్తుంది. కానీ ఆ పేరు మనవాళ్లది. 18వ శతాబ్దం చివర్లో నిజాం ఇలాకా నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చి, ఇక్కడి చిత్తడి నేలలో గుడిసెలు వేసుకున్న తెలుగు కూలీలను కామాఠీలు అన్నారు. రాళ్లు మోశారు, సున్నం కలిపారు, రోడ్లు వేశారు, గోడలు లేపారు. వాళ్లలో కొన్ని కుటుంబాలు మేస్త్రీ పని నుంచి కాంట్రాక్టుల దాకా ఎదిగాయి. ఆ కాంట్రాక్టర్లే పుణెకు చెందిన ఓ రచయితకు ముంబైలో అండగా నిలిచారు. ఆయనే మహాత్మా జ్యోతిరావు ఫూలే.

ఏటా ఏప్రిల్ 11న ఆయన విగ్రహానికి దండలు వేస్తున్నాం. ఆడపిల్లలకు బడి పెట్టిన సంగతి స్కూలు పిల్లాడిని అడిగినా చెబుతాడు. ఆయన చరిత్ర రాసిన తీరు గురించి మాట్లాడుకునేది తక్కువ.

పూలమ్మిన ఇల్లు

1827లో పుణెలో మాలీ కులంలో పుట్టారు జ్యోతిరావు. ఇంటిపేరు గోర్హే. పీష్వాల ఇంటికి పూలు అందించడంతో ఫూలే అయింది. తల్లి చిమణాబాయి ఆయనకు ఏడాది నిండకుండానే కన్నుమూసింది. తండ్రి గోవిందరావు కొడుకును బడి మాన్పించి తోట పనిలో పెట్టారు. ఇరుగుపొరుగు పెద్దలు నచ్చజెబితే 1841లో స్కాటిష్ మిషన్ స్కూల్లో చేర్చారు. అక్కడే ఇంగ్లిష్ వచ్చింది. మనుషుల హక్కుల మీద థామస్ పెయిన్ రాసిన పుస్తకం చేతికొచ్చింది.

1848లో బ్రాహ్మణ స్నేహితుడి పెళ్లి ఊరేగింపులో నడిచినందుకు అవమానం ఎదురైంది. అదే ఏడు భార్య సావిత్రీబాయితో కలిసి పుణె భిడే వాడాలో ఆడపిల్లల బడి తెరిచారు. బడికి వెళ్లే దారిలో ఆమె మీద బురద, పేడ చల్లారు. కులపెద్దల ఒత్తిడికి తండ్రి ఇంట్లోంచి వెళ్లిపొమ్మన్నారు. భార్యాభర్తలు వెళ్లిపోయారు తప్ప బడి మానలేదు. 1863లో వితంతువుల కోసం, వాళ్లకు పుట్టే బిడ్డల ప్రాణం కాపాడటం కోసం ఆశ్రమం పెట్టారు. 1868లో ఇంటి ఆవరణలోని నీళ్లను అంటరానివారికి తెరిచారు.

రాయి, సున్నం తెలిసిన రచయిత

ఇన్ని పనులకు డబ్బెక్కడిది? ఫూలే కాంట్రాక్టరు. పుణె దగ్గర ఖడక్‌వాస్లా డ్యామ్ పనులకు రాయి సరఫరా చేశారు. కాత్రజ్ సొరంగం, యెరవాడ వంతెన పనుల్లోనూ ఆయన చేయి ఉంది. 1876 నుంచి కొన్నేళ్లు పుణె మున్సిపాలిటీ సభ్యుడు కూడా. మస్టరులో హాజరు ఎలా రాస్తారో, కూలీ చేతికి వచ్చేసరికి డబ్బు ఎంత మిగులుతుందో దగ్గరుండి చూసిన మనిషి. ఇంజనీరింగ్ శాఖలో సాగే అక్రమాల మీద పాటే కట్టారు. ముంబై కామాఠీ మేస్త్రీలకు ఆయన మాట సొంత మాటలా తోచిందంటే ఆశ్చర్యమేముంది!

ఒకే రాజు.. రెండు కథలు

1869లో ఫూలే శివాజీ మీద పవాడా రాశారు. పవాడా అంటే మన బుర్రకథ లాంటి వీరగాథ. అప్పటికి పండితులు చెప్పే శివాజీ గోబ్రాహ్మణ రక్షకుడు, గురువు రామదాసు చెప్పినట్టు నడుచుకున్న రాజు. ఫూలే శివాజీ మాత్రం నాగలి పట్టే కుణబీల రాజు, రైతు బిడ్డ. సుమారు పాతికేళ్ల తర్వాత లోకమాన్య తిలక్ శివాజీ ఉత్సవాలు మొదలుపెట్టారు. ఆయనకు కావాల్సింది పరాయి పాలన మీద జనాన్ని లేపడం. ఇద్దరూ గతంలోకి వెళ్లారు, ఇద్దరూ తమ కాలపు అవసరాన్ని వెంట తీసుకెళ్లారు. ఆ రాజు ఎవరివాడన్న వాదన మహారాష్ట్రలో నేటికీ సాగుతూనే ఉంది.

1873లో వచ్చిన 'గులాంగిరీ' ఇంకో అడుగు ముందుకేసింది. దశావతారాలు మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన కథలే. వామనుడు మూడడుగులు అడిగి బలిచక్రవర్తిని పాతాళానికి తొక్కాడని విన్నాం. ఫూలే ఆ కథను తిరగేసి చదివారు. బలి సాగుచేసుకునే జనాన్ని చల్లగా చూసిన రాజు, వామనుడు వాళ్ల నేలను గుంజుకున్న పరాయివాడు అన్నారు. దీపావళి మర్నాడు పాడ్యమి నాడు మహారాష్ట్ర పల్లెల్లో ఆడవాళ్లు బలిరాజ్యం మళ్లీ రావాలని కోరుకుంటారు. పుస్తకాల్లో ఓడిపోయిన రాజు జనం నోట ఎందుకు బతికున్నాడన్నది ఆయన పట్టుకున్న ఆధారం. ఆ పుస్తకాన్ని నల్లవాళ్లను బానిసత్వం నుంచి విడిపించిన అమెరికా ప్రజలకు అంకితం చేశారు. అక్కడ బానిసత్వం రద్దయి అప్పటికి ఎనిమిదేళ్లు. అక్కడి గొలుసులు తెగాయి, ఇక్కడివి ఎప్పుడు తెగుతాయన్నదే ఆ అంకితం వెనుక ఉన్న మాట.

మరి ఆయన రాసిందంతా నిజమేనా? కాదనే చెప్పాలి. ఆర్యుల దండయాత్రను ఆయన వర్ణించిన తీరును ఈనాటి చరిత్రకారులు యథాతథంగా ఒప్పుకోరు. దేవుళ్ల పేర్లకు ఆయన తీసిన అర్థాల్లో ఊహ పాలు ఎక్కువ. నేటి బాధ నుంచి గతాన్ని చూసే ఏ రచయితకైనా ఈ చిక్కు తప్పదు. కావాల్సిన జవాబు ముందే మనసులో ఉంటే ఆధారం దాని వెంటే నడుస్తుంది. కానీ ఈ కథ ఎవరు రాశారు, ఎవరికి లాభం అన్న ఆయన ప్రశ్నకు మాత్రం వయసు మీద పడలేదు.

ఊహ అక్కర్లేని చోట ఫూలే కలం మరింత పదునెక్కింది. 1875లో దక్కన్ రైతులు షావుకార్ల మీద తిరగబడ్డారు. 1876-77లో కరువు ఊళ్లను ఊడ్చేసింది. 1883లో 'రైతు చెర్నాకోల' పూర్తిచేశారు. మరాఠీ పేరు 'శేత్‌కర్యాచా ఆసూడ్'. శిస్తు, అప్పు, అడవి చట్టాలు, కాల్వ నీళ్లు, కచేరీలో లంచం.. రైతు మెడకు చుట్టుకున్న ఒక్కో ముడినీ విప్పి చూపించారు. అంతకుముందు ఏడాది హంటర్ కమిషన్ ముందు ఆయన లేవనెత్తిందీ ఇలాంటి లెక్కే. రైతు కట్టే పన్ను పైకులాల వారి పెద్ద చదువులకు పోతోందని, పల్లెల్లో ప్రాథమిక విద్య తప్పనిసరి చేయాలని కోరారు.

ముంబైలో మనవాళ్లు

1873 సెప్టెంబరు 24న పుణెలో సత్యశోధక సమాజం పుట్టింది. ముంబైలో దాన్ని నిలబెట్టిన వారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగూ, వ్యంకూ బాళోజీ కాళేవార్ ముఖ్యులు. అందరూ తెలుగు మూలాలున్నవారే. మన వెంకు మరాఠీ రాతలో వ్యంకూ అయ్యాడు. అందుకే చాలామంది ఈ పేర్లు చదివి కూడా మనవాళ్లని గుర్తుపట్టరు.

ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే 1880 నుంచి 'దీనబంధు' పత్రికను ముంబై నుంచి నడిపారు. 1884లో మిల్లు కార్మికులకు సంఘం కట్టారు. 1890లో మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. తర్వాతి కాలంలో మగ్గం వదిలి మిల్లుకెక్కిన మన పద్మశాలీలు కూడా అనుభవించిన సెలవు అది.

1888 మే 11న మాండ్వీ కోలివాడా సభలో ముంబై జనం ఫూలేను మహాత్మా అని పిలిచారు. అదే ఏడు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. ఎడమచేత్తో 'సార్వజనిక సత్యధర్మ' పుస్తకం రాశారు. 1890 నవంబరు 28న కన్నుమూశారు. పుస్తకం మరుసటి ఏడు అచ్చయింది. 1946లో అంబేడ్కర్ శూద్రుల చరిత్రపై రాసిన గ్రంథాన్ని ఫూలేకే అంకితం చేశారు. 2023 డిసెంబరులో హైదరాబాద్‌లో ప్రగతి భవన్ పేరు జ్యోతిరావు ఫూలే ప్రజా భవన్‌గా మారింది.

చాళ్లు కూలేలోపు..

సీఎస్‌ఎంటీ స్టేషన్ ఎదురుగా ఉన్న మున్సిపల్ కార్పొరేషన్ భవనానికి ఫొటో తీయని టూరిస్టు ఉండడు. 1893లో పూర్తయింది. డిజైన్ గీసిన స్టీవెన్స్ దొర పేరు గైడ్లంతా చెబుతారు. కట్టిన కాంట్రాక్టరు ఎవరు? పైన చెప్పుకున్న వ్యంకూ బాళోజీ కాళేవారే. మంజూరైన దానికన్నా సుమారు 68 వేల రూపాయలు తక్కువలో, 11 లక్షల 20 వేలకు పని ముగిసింది. ఈ మాట చెప్పే గైడు దొరకడం కష్టం.

2022లో గంగూబాయి సినిమా వచ్చినప్పుడు పేట పేరు పాడవుతోందని కామాఠీపురా వాసులు అభ్యంతరం చెప్పారు. న్యాయమైన బాధే. అయితే సినిమా వద్దంటే సరిపోదు, మన కథ మన దగ్గర రాసి ఉండాలి. ఇప్పుడు మ్హాడా ఆధ్వర్యంలో కామాఠీపురా పునర్నిర్మాణ పథకం కదులుతోంది. కొత్త ఇల్లు ఎవరికి చేదు? ఇరుకు చాళ్లో తరాలు గడిపినవాళ్లకు అది హక్కే. కానీ ఇల్లు ఖాళీ చేసే రోజున మంచం కింది ట్రంకు పెట్టె ఏమవుతుంది? అందులో తాతల నాటి అద్దె రసీదులు, మిల్లు పాసులు, సంఘం మినిట్స్ పుస్తకాలు, తెలుగులో అచ్చయిన పెళ్లి పత్రికలు ఉంటాయి. రద్దీవాడికి అవి కిలోల లెక్క.

జనం పాటలో, పండగ మాటలో, పనిచోట లెక్కల్లో చరిత్ర వెతికినవాడు ఫూలే. మన ముందు తరాల గురించి ఆ మూడూ ఇంకా ఈ గల్లీల్లో ఉన్నాయి. బతుకమ్మ పాటలు తెలిసిన ముసలమ్మలు ఉన్నారు, మేస్త్రీ పని చేసిన తాతల మాటలు ఉన్నాయి. దాదర్‌లో ఆంధ్ర మహాసభ ఉంది. ప్రతి పేటలో కుల సంఘాలు ఉన్నాయి. ఫోను లేని ఇల్లు లేదు. ఒక్కో ఇంటి నుంచి ఒక్కరు కూర్చుని తాతను మాట్లాడించి రికార్డు చేసినా, ట్రంకు పెట్టెలోని కాగితాలకు ఫొటో తీసి పెట్టినా చాలు. బుల్‌డోజర్ వచ్చాక వెతకడానికి ఏమీ మిగలదు.