డీజిల్ అనేది ఒక ఇంటిపేరు

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇంటి సామాను లారీ ఎక్కుతుంది. ఆ లారీని నడిపించేది డీజిల్ ఇంజన్. డీజిల్ అంటే బంకులో పోసే నూనె పేరని మనమంతా అనుకుంటాం. నిజానికి అది ఒక మనిషి ఇంటిపేరు. ఆయనే రుడాల్ఫ్ డీజిల్. ఆయన జీవితం గురించి, ఆయన మొదలుపెట్టిన పనిని తరువాతివాళ్ళు లారీ దాకా ఎలా తెచ్చారన్న దాని గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా ప్రాంతం వారు. తండ్రి థియోడోర్ తోలు వస్తువులు తయారుచేసేవాడు. తయారైన సరుకును చిన్నవాడైన రుడాల్ఫ్ తోపుడు బండి మీద ఇళ్ళకు చేరవేసేవాడు. తీరిక దొరికితే పారిస్‌లోని యంత్రాల ప్రదర్శనశాలకు వెళ్ళి, అక్కడున్న పాత ఆవిరి బండిని చూస్తూ గడిపేవాడు.

1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం వచ్చింది. ఫ్రాన్సులో ఉన్న జర్మన్లు దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. డీజిల్ కుటుంబం లండన్ చేరింది. అక్కడా బతుకు కష్టమే. అందువల్ల తల్లిదండ్రులు 12 ఏళ్ళ కొడుకును ఒంటరిగా జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణంలో బంధువుల ఇంటికి పంపారు. ఆ ఇంటి యజమాని క్రిస్టోఫ్ బార్నికెల్ గణితం బోధించేవాడు. పుట్టిన ఊరు, బడి, తల్లిదండ్రులు అన్నీ ఒకేసారి దూరమయ్యాయి. కొత్త ఊరు, కొత్త బడి అంటే ఏమిటో మనకు బాగా తెలుసు. అయితే మనకు అమ్మానాన్నలు తోడుంటారు. రుడాల్ఫ్‌కు ఆ తోడు కూడా లేదు. ఆ ఇంట్లోనే, ఆ బడిలోనే 14 ఏళ్ళ వయసుకు తాను ఇంజనీరు కావాలని నిశ్చయించుకున్నాడు.

ఉపకార వేతనం పొంది మ్యూనిక్ నగరంలోని పాలిటెక్నిక్‌లో చేరాడు. అక్కడ ఆయన గురువు కార్ల్ ఫాన్ లిండే. చల్లదనం పుట్టించే యంత్రాలలో లిండే ప్రసిద్ధుడు. ఆవిరి యంత్రంలో బొగ్గు నుంచి వచ్చే వేడిలో పదోవంతు మాత్రమే, ఒక్కోసారి అంతకంటే తక్కువే పనిగా మారుతుందని ఆయన పాఠంలో విన్నాడు. మిగతాదంతా వృథా. ఆ మాట డీజిల్ మనసులో నాటుకుపోయింది. టైఫాయిడ్ వల్ల చివరి పరీక్ష తప్పిపోయింది. ఆ వ్యవధిలో స్విట్జర్లాండ్‌లోని సుల్జర్ కర్మాగారంలో పని నేర్చుకున్నాడు. 1880లో పరీక్ష రాసి అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు.

తరువాత కొన్నేళ్ళు పారిస్‌లో, ఆపై బెర్లిన్‌లో లిండే యంత్రాల పని చూశాడు. తీరికంతా తన సొంత ఇంజన్ ఆలోచనకే పెట్టాడు. ఆ ఆలోచన ఇది. సైకిల్ పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం మనం చూస్తాం. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. ఇంకా గట్టిగా నొక్కితే వేడి 500 డిగ్రీలు దాటుతుంది. ఆ గాలిలోకి నూనెను చిమ్మితే నిప్పురవ్వ అవసరం లేకుండానే అది మండుతుంది. 1892లో డీజిల్ దీనికి పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు. మరుసటి ఏడాది పేటెంటు వచ్చింది.

కాగితం మీద సులువుగా కనిపించింది ఇనుములో కష్టమైంది. 1893 ఆగస్టు 10న ఆగ్స్‌బర్గ్ యంత్రాల కర్మాగారంలో తొలి ప్రయోగం జరిగింది. లోపలి ఒత్తిడికి కొలత పరికరం పగిలి ముక్కలు ఎగిరాయి. డీజిల్ మాత్రం నొక్కిన గాలిలో నూనె తనంతట తాను మండుతుందని రుజువైనందుకు సంతోషించాడు. 1894 ఫిబ్రవరిలో ఇంజన్ ఒక్క నిమిషం సొంతంగా తిరిగింది. 1897 ఫిబ్రవరి 17న ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ పరీక్షించినప్పుడు నూనె వేడిలో 26.2 శాతం పనిగా మారినట్టు తేలింది. ఆవిరి యంత్రం కంటే రెండు రెట్లకు పైగా నయం. అయిదేళ్ళలో డీజిల్ ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు.

కాని ఆయన కోరిక వేరు. పెద్ద ఆవిరి యంత్రం కొనలేని చిన్న పనివాళ్ళకు, తన తండ్రిలాంటివాళ్ళకు, చిన్న ఇంజన్ అందాలని ఆయన ఆశ. తయారైన ఇంజనేమో మూడు మీటర్ల ఎత్తున్నది. కారణం నూనె చిమ్మే పద్ధతి. లోపల అంత ఒత్తిడి ఉన్నప్పుడు నూనెను తోయడానికి అంతకంటే ఎక్కువ ఒత్తిడి గల గాలి కావాలి. ఆ గాలికోసం ప్రతి ఇంజన్‌కు ఒక బరువైన కంప్రెసర్ తగిలించవలసి వచ్చేది. ఓడకు, కర్మాగారానికి అది సరిపోతుంది. లారీ మోయలేదు. డీజిల్ స్విట్జర్లాండ్‌లో లారీకి తగిన చిన్న ఇంజన్ చేయించే ప్రయత్నం కూడా చేశాడు. అది నిలవలేదు.

సంపాదించిన డబ్బు నూనె బావులలో, భూముల వ్యాపారంలో పోయింది. పేటెంటు తగాదాలు, తలనొప్పులు ఆయనను కుంగదీశాయి. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఆంట్‌వర్ప్ నుంచి ఇంగ్లండ్ వెళ్ళే డ్రెస్‌డెన్ అనే ఓడలో భోజనం చేసి గదికి వెళ్ళాడు. తెల్లవారేసరికి గది ఖాళీగా ఉంది. కొన్నాళ్ళకు సముద్రంలో దొరికిన దేహం మీది వస్తువులను చూసి ఆయన కొడుకు గుర్తుపట్టాడు. ఏం జరిగిందో నేటికీ తేలలేదు. అప్పటికి ఆయన వయసు 55 ఏళ్ళు.

డీజిల్ చూడకుండా వెళ్ళిపోయిన లారీ ఇంజన్‌ను ఇద్దరు పూర్తిచేశారని చెప్పవచ్చు. ఒకరు జర్మనీకి చెందిన రాబర్ట్ బాష్. గాలి సాయం లేకుండా నూనెనే నేరుగా నొక్కి చిమ్మే చిన్న పంపును ఆయన కంపెనీ 1927 నుంచి పెద్ద సంఖ్యలో తయారుచేసింది. పంపులోని కడ్డీకి, దాని చుట్టూ ఉన్న గొట్టానికి మధ్య సందు తల వెంట్రుక మందంలో పదోవంతు కూడా ఉండదు. రెండో వ్యక్తి స్విట్జర్లాండ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ బూషీ. డీజిల్ పని నేర్చుకున్న సుల్జర్‌లోనే తరువాత ఈయనా పనిచేశాడు. గొట్టంలోంచి వృథాగా పోయే పొగతో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసు మీదున్న మరో చక్రంతో ఇంజన్‌లోకి గాలి నెట్టవచ్చని 1905లో పేటెంటు తీసుకున్నాడు. అదే టర్బో. 1920లలో రెండు జర్మన్ ఓడలకు దీన్ని అమర్చితే 1750 హార్స్‌పవర్ ఇంజన్లు 2500 ఇచ్చాయి. 1938లో సౌరర్ కంపెనీ దీన్ని లారీ ఇంజన్‌కు తెచ్చింది.

ఈ రెండింటి సంగతి తెలిస్తేనే పాత లారీకి మరమ్మతు సరిగ్గా జరుగుతుంది. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, మరే ఊళ్ళోనైనా, మంచి మెకానిక్కు ముందు పొగ రంగు చూస్తాడు. నల్లపొగ వస్తే నూనెకు తగినంత గాలి అందడం లేదని అర్థం. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా, టర్బో నుంచి వచ్చే గొట్టం చిరిగిందా, టర్బో ఇరుసు వదులైందా, నాజిల్ సన్నగా చిమ్మకుండా కారుస్తోందా అని ఒక్కొక్కటే చూస్తాడు. నీలిపొగ అయితే ఇంజన్ ఆయిలు మండుతోందని అర్థం. లారీ లాగడం లేదని పంపులో నూనె మాత్రం పెంచితే పొగ పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, చివరికి పిస్టన్ కరగవచ్చు. టర్బో లేని పాత ఇంజన్‌కు టర్బో పెట్టాలన్నా అంతే. దానికి ఆయిలు వచ్చే దారి, పోయే దారి ఏర్పాటు చేయాలి. పంపును టెస్ట్ బెంచి మీద మళ్ళీ సరిచూడాలి. గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెడితే మరీ మంచిది. చల్లని గాలి చిక్కగా ఉండి ఎక్కువ పడుతుంది.

టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుతుంది. దాని ఇరుసును కాపాడేది పలచని ఆయిలు పొర. అందుకే ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చిన అనుభవమున్న డ్రైవర్ వెంటనే ఇంజన్ ఆపడు. రెండు నిమిషాలు నిదానంగా తిరగనిచ్చి ఆపుతాడు.

డీజిల్ తన పని విఫలమైందనే అనుకొని ఉంటాడేమో. ఆయన చేయగలిగినంత చేశాడు. ఆయనకు దొరకని చిన్న పంపును బాష్ ఇచ్చాడు, అందని గాలిని బూషీ ఇచ్చాడు. అరిగిన నాజిల్ మార్చి, పంపు సరిచేసి పాత లారీని మళ్ళీ రోడ్డెక్కించే ప్రతి మెకానిక్కూ ఆ పనిని ఇప్పటికీ కొనసాగిస్తున్నాడు. చిన్న పనివాళ్ళకు ఇంజన్ అందాలన్న ఆయన కోరిక కూడా ఆ షెడ్డుల్లోనే తీరుతోందని మా నమ్మకం.