రుడాల్ఫ్ డీజిల్ - వేరుశనగ నూనెతో నడిచిన ఇంజను

మన నందిగాం మీదుగా పోయే జాతీయ రహదారిపై రాత్రనక పగలనక లారీలు తిరుగుతూనే ఉంటాయి. వాటిలో పోసే డీజిల్ ఒక మనిషి పేరని మాలో చాలామందికి మొన్నమొన్నటి వరకు తెలియదు. వార్షికోత్సవ సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని సార్ చెప్పినప్పుడు మేము ఆ పేరే ఎంచుకున్నాం. దానికి కారణం ఒక కొబ్బరినూనె సీసా. ఆ సంగతి తర్వాత చెబుతాం.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్ నగరంలో జన్మించారు. తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి తోలు వస్తువులు చేసి అమ్మేవారు. 1870లో ఫ్రాన్సుకూ జర్మన్లకూ యుద్ధం రావడంతో ఆ కుటుంబం ఊరు విడిచి లండన్ చేరింది. అక్కడా బతుకు కష్టమై, పన్నెండేళ్ళ కొడుకును ఒంటరిగా జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో బంధువుల ఇంటికి పంపారు. అమ్మానాన్నలను వదిలి చదువు కోసం వేరేచోట ఉండడం ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆయన స్కాలర్‌షిప్పుతో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరారు. 1879లో టైఫాయిడ్ వచ్చి చివరి పరీక్షకు కూర్చోలేకపోయారు. మరుసటి ఏడాది రాసి, గొప్ప మార్కులతో పాసయ్యారు.

ఆయన గురువు కార్ల్ లిండే చల్లదనాన్ని పుట్టించే యంత్రాల నిపుణుడు. చదువు కాగానే డీజిల్ పారిస్‌లో లిండే వారి ఐసు ఫ్యాక్టరీలో పనిచేశారు. వేడితో నడిచే ఇంజను కనిపెట్టిన మనిషి మొదట అన్నం తిన్నది ఐసు మీదనే! ఆవిరి యంత్రం బొగ్గు వేడిలో చాలా భాగాన్ని వృథా చేస్తుందని గురువుగారి పాఠంలో విన్న మాట మాత్రం ఆయనను వదలలేదు. 1893లో కొత్త ఇంజనుకు పేటెంటు వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో మొదటి పరీక్షలో కొలత పరికరం పేలి ఆయన త్రుటిలో తప్పించుకున్నారు. నాలుగేళ్ళు తంటాలు పడ్డాక, 1897 ఫిబ్రవరిలో ఇంజను ఇంధనపు వేడిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. అప్పటి ఆవిరి యంత్రాలు పదో వంతు చేస్తే గొప్ప.

1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. చూసినవారిలో ఎవరూ తేడా పట్టలేకపోయారట. మొక్కల నూనెలకు ముందుముందు మంచిరోజులు రావచ్చని డీజిల్ 1912లో చెప్పారు. ఆ రోజులు చూడడానికి ఆయన ఉండలేదు. పేరు వచ్చినా డబ్బు నిలవలేదు, అప్పులు పెరిగాయి. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఆంట్‌వర్ప్ నుంచి ఇంగ్లండుకు పోతున్న డ్రెస్డెన్ అనే ఓడలో తన గదికి వెళ్ళిన మనిషి తెల్లారేసరికి లేరు. సుమారు పది రోజులకు సముద్రంలో శవం దొరికింది. వయసు 55. ఎలా పోయారో నేటికీ తేలలేదు.

ఆయన పోయాక ఆ ఆలోచన మన తెలుగు నేలకూ వచ్చింది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ మహిళలు కానుగ నూనె పేరున 2003లో 147 టన్నుల కార్బన్ తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మారు.

అయితే పచ్చి నూనె చిక్కగా ఉంటుంది, ఇంజనులో మసి పేరుస్తుంది. 1937లో బెల్జియంలో షవాన్ అనే శాస్త్రవేత్త పామాయిల్‌ను ఆల్కహాల్‌తో కలిపి పలుచని ఇంధనంగా మార్చే పద్ధతికి పేటెంటు పొందారు. నేటి బయోడీజిల్ అటువంటిదే. నూనెలో మిథనాల్, కాస్టిక్ సోడా కలిపితే గ్లిజరిన్ అడుగుకు దిగుతుంది, పైన బయోడీజిల్ తేలుతుంది. పని సగంలో ఆగితే మోనోగ్లిజరైడ్లు అనే మలినాలు ఇంధనంలోనే మిగిలిపోతాయి. సబ్బు, నీరు కూడా మిగలవచ్చు.

ఇక సీసా సంగతి. ఉద్దానం పల్లె నుంచి వచ్చిన మా మిత్రుడొకడు ఇంటి దగ్గర ఆడించిన కొబ్బరినూనె తెస్తాడు. పుష్యమాసం చలికి అది తెల్లగా పేరుకుంటుంది. ఎండలో పెడితే కరుగుతుంది. కానీ అడుగున మడ్డి మాత్రం కరగదు. బయోడీజిల్‌లోనూ ఈ రెండు రకాల గడ్డలూ ఉన్నాయి. మొదటిది ఆ నూనె గుణం. డీజిల్ వాడిన వేరుశనగ నూనెతో చేసిన బయోడీజిల్ చలికి తొందరగానే పేరుకుంటుంది, వెచ్చబడితే కరిగిపోతుంది. రెండోది మలినం. కొన్ని మోనోగ్లిజరైడ్లు విడిగా అయితే 70 డిగ్రీలు దాటితేగాని కరగవు. చలిలో ఒకసారి విడిపోయాయంటే ఎండ వచ్చినా పూర్తిగా కలవవు. ఇంజను బాగానే ఉంటుంది, ఫిల్టరు మూసుకుపోతుంది, బండి నిలిచిపోతుంది.

అమెరికాలోని మిన్నెసోటాలో అదే జరిగింది. 2005 సెప్టెంబరు చివరి నుంచి డీజిల్‌లో 2 శాతం బయోడీజిల్ కలపాలని చట్టం చేశారు. ఆ చలికాలమే లారీల ఫిల్టర్లు పూడుకుపోయాయి. కొంత సరుకులో గ్లిజరిన్ హద్దు మీరిందని తేలి, నిబంధనను కొన్నాళ్ళు ఆపారు. ఆ హద్దు ఎంతో తెలుసా? అన్నీ కలిపి 0.24 శాతం! 2008లో ఒక కొత్త పరీక్ష పెట్టారు. బయోడీజిల్‌ను 16 గంటలు 4.5 డిగ్రీల చలిలో ఉంచి, మళ్ళీ గది వేడికి తెచ్చి వడకడతారు. 300 మిల్లీలీటర్లు 360 సెకన్లలో దిగాలి. అంటే వెచ్చబడినా కరగని మడ్డి ఎంతుందో చూస్తున్నారన్నమాట.

ఇది చదివాక మేము మిత్రుని సీసా మళ్ళీ ఎండలో పెట్టి చూశాం. నూనె తేటబడింది, మడ్డి అలాగే ఉంది. సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు వాళ్ళమ్మగారికి చెప్పాడట. ఈసారి పలుచని గుడ్డలో రెండుసార్లు వడకట్టి పంపారు.