డాక్టరు నేథన్ కీపుగారు: సత్యసాక్షియైన దంతవైద్యుడు

మన పాఠశాలలోని బాలబాలికలు రాజుల చరిత్రలను, యుద్ధవీరుల చరిత్రలను తరుచుగ చదువుచున్నారు. ఈ సంవత్సరము మేము వారి యెదుట ఒక దంతవైద్యుని జీవితము నుంచ దలచితిమి. పండ్లు బాగుచేయుటయే వృత్తిగా గల యొక నెమ్మదిపరుడు న్యాయస్థానమున కెట్లు తోడ్పడెనో, అందువలన ఆయన హృదయ మెంత నొచ్చెనో చదువరులు గ్రహింతురుగాక.

నేథన్ కూలీ కీపుగారు 1800 సంవత్సరము డిసెంబరు 23వ తేదీన అమెరికాలోని మాసచూసెట్సు రాష్ట్రమందు లాంగుమెడో గ్రామమున జన్మించిరి. బాల్యమున న్యూఅర్కు పట్టణములో నగలు చేయువాని కొట్టున పని నేర్చిరి. బంగారము కరగించుట, సన్నని పనిముట్లతో వెండ్రుకవాసి తప్పక పనిచేయుట అచ్చట అలవడెను. ఆ చేతిపనియే ముందటి కీర్తికి పునాది యయ్యెను. 1821లో వారు బోస్టను నగరము చేరిరి. మన తెలుగుదేశమునకు వచ్చిన సామ్యుయేలు డే దొరగారు 1835లో ఓడ యెక్కినది ఆ నగరపు రేవుననే. ఆనాటికి ప్రపంచమున దంతవైద్య కళాశాల యొక్కటియు లేదు. మొదటిది 1840లో బాల్టిమోరున వెలసెను. కావున కీపుగారు పనిచేయుచునే దంతవైద్యమును నేర్చి, 1827లో హార్వర్డునందు వైద్యపట్టము నొందిరి. 1847 ఏప్రిలు 7వ తేదీన లాంగుఫెలో మహాకవి భార్యకు ప్రసవ సమయమున ఈథరు అను మత్తుమందు నిచ్చి ఆమె బాధను తగ్గించిరి. అమెరికాలో ప్రసవమునకు మత్తుమందు వాడుట అదియే మొదలు.

బోస్టనులో జార్జి పార్క్‌మను అను ధనికుడైన వైద్యుడు కలడు. అతని క్రింది దవడ ముందుకు పొడుచుకొని యుండెడిది. హార్వర్డు వైద్యకళాశాల నూతన భవనమునకు స్థలము నిచ్చినవాడు అతడే. 1846లో ఆ భవనపు ప్రారంభోత్సవము నాటికి తనకు కట్టుడు పండ్లు కావలెనని అతడు తొందరపెట్టగా, కీపుగారు అతని దవడకు ప్లాస్టరుతో అచ్చు తీసి, రాత్రియంతయు పనిచేయించి, సమయమునకు పండ్ల నందించిరి. నాలుక కదలుటకు చోటు చాలలేదని పార్క్‌మను చెప్పగా, ఎడమ క్రింది భాగమును లోవైపున అరగదీసిరి.

1849 నవంబరు 23న పార్క్‌మను ఇల్లు వెడలి మరల రాలేదు. వారము దినములకు, తాను స్థలమిచ్చిన ఆ కళాశాలలోనే, రసాయన శాస్త్రాచార్యుడగు జాన్ వెబ్‌స్టరు ప్రయోగశాలలో, శరీర భాగములు కనబడెను. కొలిమి బూడిదలో కట్టుడు పండ్ల తునకలు దొరకెను. వెబ్‌స్టరు పార్క్‌మనుకు పెద్ద ఋణము బాకీపడి యుండెను. తల దొరకలేదు, ఆ శరీర మెవరిదో నిశ్చయించు టెట్లు?

1850 మార్చిలో ప్రధాన న్యాయాధిపతి లెమ్యుయెల్ షా గారి యెదుట విచారణ జరిగెను. కీపుగారు తాము భద్రపరచియుంచిన పాత అచ్చును తెచ్చి, కాలిన పండ్ల తునకలను దానియందమర్చి జూరీవారికి చూపిరి. అవి సరిగా కూర్చుండెను. తాము అరగదీసిన గుర్తును సహితము చూపిరి. ఆ పండ్లు విడిగా నిప్పులలో వేయబడినచో లోని తేమ ఆవిరియై పగిలిపోయెడివనియు, తలలో నుండుటచే మెల్లగా వేడెక్కి మిగిలెననియు వివరించిరి. ఇట్లు చెప్పుచు చెప్పుచు కన్నీరు విడిచిరి. ఒకవైపు తాము చిరకాలము చికిత్స చేసిన పార్క్‌మను అవశేషములు. వేరొకవైపు తాము చదివిన హార్వర్డునందలి ఆచార్యుని ప్రాణము. అయినను వారు సత్యమును దాచలేదు, మించి పలుకలేదు. ఈథరు మత్తును లోకమునకు చూపిన మార్టనుగారు ప్రతివాదిపక్షమున నిలిచి, అట్టి పండ్లు ఇతరుల దవడకును సరిపడవచ్చునని వాదించిరి. జూరీవారు తక్కిన సాక్ష్యములతోకూడ కీపుగారి మాటను నమ్మిరి. వెబ్‌స్టరు పిమ్మట నేర మొప్పుకొనెను. ఆగస్టు 30వ తేదీన ఉరితీయబడెను. అమెరికాలో హత్యావ్యాజ్యమున దంతసాక్ష్యము చెల్లిన తొలి సందర్భములలో ఇది యొకటి.

1867లో హార్వర్డువారు దంతవైద్య పాఠశాల స్థాపింపగా, మరుసటి యేట కీపుగారు దానికి తొలి అధ్యక్షులై 1871 వరకు పనిచేసిరి. 1869లో అచ్చట మొదటి తరగతిగా పట్టము పుచ్చుకొన్న ఆరుగురిలో రాబర్టు టానర్ ఫ్రీమను అను నల్లజాతి యువకు డొకడు. అతని తలిదండ్రులు బానిసలుగా నుండినవారు. చర్మపు రంగును చూడక విద్యార్థిని చూచిన ఆ పాఠశాల ప్రారంభములోనే గొప్ప పాఠము నేర్పెను. కీపుగారు 1875లో దివంగతులైరి.

తరువాత 1897లో పారిసు నగరమున ఘోర అగ్నిప్రమాదము జరిగినప్పుడు, మృతులలో పలువురిని దంతవైద్యులే గుర్తుపట్టిరి. ఆస్కారు అమోయెదో అను క్యూబా దేశీయుడు మరుసటి యేట ఈ విద్యపై గ్రంథము ప్రచురించెను. నేడు విమానములు కూలినను, ఉప్పెనలు వచ్చినను, పండ్ల సాయమున మృతులను గుర్తించి బంధువుల కప్పగించుచున్నారు.

పిల్లలారా, దావీదు రాజు నెదిరించి సత్యము పలికిన ప్రవక్త పేరు నాతాను. నేథన్ అనునదియు ఆ పేరే. కీపుగారికి ఆనాడు తోడుపడినది మూడేండ్లకుమించి భద్రపరచిన ఒక ప్లాస్టరు అచ్చు. అది యెందుకు పనికివచ్చునో తీసిననాడు వారెరుగరు. మీ లెక్కల పుస్తకమైనను, కుట్టుపనియైనను, ఎవరును చూడనప్పుడును శ్రద్ధగా చేయుడు. సాక్ష్యము చెప్పవలసిన దినము వచ్చినప్పుడు కన్నీరు వచ్చిన రానిండు. సత్యమును మాత్రము విడువకుడు.