చిరునామాల సంరక్షకుడు: జొనాథన్ పోస్టెల్

ఉత్తరము గమ్యము చేరవలెనన్న దానిపై సరియైన చిరునామా ఉండవలెను. ఒకే చిరునామా ఇద్దరికున్నచో ఉత్తరము ఎవరికి చేరునో చెప్పుట కష్టము. కంప్యూటర్ల లోకమునను ఇదియే ధర్మము. ఆ లోకమున చిరునామాలు చిక్కుపడకుండ పాతికేండ్లకు పైగా కాపాడిన మహనీయుడు జొనాథన్ పోస్టెల్.

ఆయన 1943వ సంవత్సరము ఆగష్టు 6వ తేదీన అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఆల్టడీనాలో జన్మించెను. లాస్ ఏంజిలీసు నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో చదివి, 1974లో డాక్టరు పట్టమును పొందెను. ఆయన అచట విద్యార్థిగా నున్నపుడే, 1969లో, దూరప్రదేశములందలి కంప్యూటర్లను తంతులతో కలుపు ఆర్పానెట్టు ఆరంభమయ్యెను. నేటి ఇంటర్నెట్టునకు అదియే మాతృక. ఆ కార్యమున పాల్గొన్న యువకులు తమ ఆలోచనలను వరుస సంఖ్యలు గల పత్రములుగా వ్రాసికొనుచుండిరి. పోస్టెల్ ఆ పత్రములకు సంపాదకుడై, జీవితాంతము ఆ పనిని విడువలేదు.

కంప్యూటర్లు పరస్పరము మాటలాడుటకు అనేక సంఖ్యలు కావలయును. ఎవరికి తోచిన సంఖ్యను వారు వాడినచో గందరగోళము తప్పదు. కావున వానిని పంచిపెట్టుటకు ఒక్కరుండవలెనని 1972లో పోస్టెల్ ప్రతిపాదించి, ఆ భారమును తానే వహించెను. ఆయన వెనుక చట్టము లేదు, రక్షకభటులు లేరు. అయినను ఆయన ఇచ్చిన సంఖ్యను అందరును శిరసావహించిరి. ఆయన పక్షపాతము లేనివాడను నమ్మకమే దానికి కారణము.

మనుష్యులకు పేర్లు జ్ఞాపకముండును. యంత్రములకు అంకెలు కావలయును. తొలుత పేర్లును అంకెలును ఒకే పట్టికలో వ్రాసి, ప్రతి కంప్యూటరునందును దాని నకలు ఉంచుచుండిరి. యంత్రములు పెరిగిన కొలది ఆ పట్టిక మోయరాని బరువయ్యెను. అపుడు పోస్టెల్ ప్రోత్సాహముతో, సహోద్యోగియగు పాల్ మొకపెట్రిస్ 1983లో క్రొత్త పద్ధతిని కల్పించెను. అందు పట్టిక ఒకచోట నుండదు. చెట్టు మొదటినుండి కొమ్మకు, కొమ్మనుండి రెమ్మకు పోవునట్లు, ఒక సర్వరు మరియొక దానిని చూపగా, తుదకు అంకె లభించును.

అంకె లభించినంతనే పని ముగియదు. కంప్యూటరు లోపల సమస్త కార్యములను నడపు మూలభాగమును కెర్నెల్ అందురు. తన తంతిపైనున్న యంత్రములలో ఈ అంకె ఎవరిదని కెర్నెల్ అందరిని అడుగును. తపాలా జవాను వీధిలో నిలిచి ఫలానావారి ఇల్లేదని కేకవేసినట్లే యిది. అంకె గల యంత్రమొక్కటియే బదులు చెప్పును. కెర్నెల్ ఆ సమాధానమును కొంతసేపు తన పట్టికలో దాచుకొనును. డేవిడ్ ప్లమ్మరు 1982లో వివరించిన ఈ విధానము పోస్టెల్ సంపాదకత్వమున వెలువడిన పత్రములలోనిదే.

పోస్టెల్ నిరాడంబరుడు. పొడవైన గడ్డముతో, కాళ్లకు సామాన్యమైన చెప్పులతో తిరుగుచుండెడివాడు. సియెర్రా నెవాడా పర్వతములలో కాలినడకన సంచరించుట ఆయనకు ప్రీతి. ఇతరులకు పంపునది నియమము తప్పకుండ పంపవలెనని, వారినుండి వచ్చినదానిని ఓర్పుతో గ్రహింపవలెనని ఆయన కంప్యూటర్లకు విధించిన సూత్రము.

కాలక్రమమున ఇంటర్నెట్టు వ్యాపారమునకు ఆటపట్టయ్యెను. దానిపై అధికారమెవరిదను వివాదము పుట్టెను. 1998 జనవరి 28వ తేదీన పోస్టెల్, పేర్ల వ్యవస్థకు మొదటనున్న మూల సర్వర్లలో ఎనిమిదింటి నిర్వాహకులకు జాబు వ్రాసెను. ప్రభుత్వముతో ఒప్పందముగల సంస్థనుండి గాక, తన యంత్రమునుండి మూలపట్టికను గ్రహింపుడని కోరెను. వారు మారుమాటాడక అట్లే చేసిరి. ప్రభుత్వాధికారులు కలవరపడి అభ్యంతరము తెలుపగా, అది పరీక్ష మాత్రమేనని చెప్పి పోస్టెల్ పూర్వస్థితిని పునరుద్ధరించెను. ఒక్క జాబుతో లోకపు చిరునామాలను మార్పగల శక్తి ఆయనకు కలదని నాడు తేటపడెను. దానిని చేతబట్టుకొని కూర్చుండగోరలేదనియు తేటపడెను.

ఒక్క మనుష్యునిపై ఇంత భారము నిలువరాదని ఆయనయు ఎరుగును. ఆ పనికై ఐకాన్ అను సంస్థ 1998 సెప్టెంబరులో ఏర్పడెను. కొలది దినములకే, అక్టోబరు 16వ తేదీన, గుండె చికిత్స అనంతరము పోస్టెల్ తన 55వ యేట లాస్ ఏంజిలీసులో కన్నుమూసెను. మరుసటి సంవత్సరమునుండి ఆయన పేర ఒక పురస్కారము ఇయ్యబడుచున్నది.

పదవి వలన గౌరవము పొందువారు పెక్కురు. తన నడవడి చేత పదవికే గౌరవము తెచ్చినవాడు పోస్టెల్.